విరామ వేళ: ఎర్ర బ్రతికి ఉంటేనే ఎర

తెలుగులో గాలానికి గుచ్చే ఆహారాన్ని ‘ఎర’ అంటాము. వానపామును ‘ఎర్ర’ అంటాము. ఒకే కొమ్మకు పూసిన పూవుల వంటి ఈ రెండు మాటలను బట్టి, చేపకు పురుగును మించిన విందు లేదని మన పూర్వులు ఏనాడో గ్రహించినట్లు తోస్తుంది. ఎవరినైనా ఆశపెట్టి లోబరచుకోవడాన్ని నేటికీ ‘ఎర చూపడం’ అనే అంటున్నాము. అయితే చూపిన ఎర కుళ్ళినదైతే మనిషీ మోసపోడు, చేపా మోసపోదు.

తీరిక దొరికిన ఆదివారాల్లో గాలం పట్టుకొని తీరానికి వెళ్ళే సహోద్యోగులు మన సంస్థలో కొద్దిమంది ఉన్నారు. సముద్రపు పురుగును ఎరగా వాడడం ఎలా, దాన్ని ఇంట్లో రెండు మూడు రోజులు బ్రతికించుకోవడం ఎలా అని వారిలో కొందరు అడిగారు. ప్రశ్న చిన్నదే. సమాధానం వెంట వెళితే మాత్రం బురదలో పురుగు తవ్వే మనిషి ప్రాణం దాకా, తీరం వెంట రొయ్యల చెరువు వేసుకున్న రైతు పంట దాకా పోవలసి వచ్చింది. కనుక ఈ నెల శీర్షికను పూర్తిగా దీనికే కేటాయిస్తున్నాను.

మా ఊరు, మా సముద్రం

ఇతర యూనిట్లలోని పాఠకుల కోసం ముందుగా కోసాడ్‌ను పరిచయం చేయాలి. సూరత్ నుండి భరూచ్ వైపు రైలులో వెళ్ళేటప్పుడు తాపీ నది దాటిన తరువాత ఉత్రాణ్, దాని వెనుక కోసాడ్ స్టేషన్లు వస్తాయి. సూరత్‌లో మన తెలుగువారు తక్కువేమీ కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి మరమగ్గాల మీద పనికి వచ్చి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నది కివతల కోసాడ్‌లో మా వంటి ఉద్యోగులం అక్కడక్కడా ఉన్నాము.

సముద్రం మా గుమ్మంలో లేదు. నైరుతి దిక్కున హజీరా, సువాలీ తీరాలు, పశ్చిమాన ఓల్పాడ్ తాలూకా తీరం, నదికి ఆవలి ఒడ్డున డుమస్ ఉన్నాయి. ఇంగ్లీషు, పోర్చుగీసు ఓడలు 1612లో పోరాడింది ఈ సువాలీ దగ్గరే. అయితే గాలం వేసేవాడికి కావలసినది ఆ చరిత్ర కాదు, అక్కడి బురద. ఖంభాత్ సింధుశాఖలో కలిసే నదులు తెచ్చిన ఒండ్రు తీరం వెంట విశాలమైన మేటలు వేసింది. పాటు సమయంలో నీరు తీసి ఆ మేటలు బయటపడతాయి. మన పురుగు నివాసం అక్కడే.

ఇక్కడ ఒక తేడాను గుర్తించాలి. సింగణ్‌పోర్ వద్ద తాపీకి అడ్డంగా కట్టిన వియర్ సముద్రపు పోటును ఎగువకు రానివ్వదు. ఎగువన మంచినీరు, దిగువన ఉప్పునీరు ఉంటాయి. కోసాడ్ చుట్టుపక్కల తోటల్లో దొరికే వానపాము మంచినీటి చేపకు పనికివస్తుందేగాని ఉప్పునీటిలో ఎక్కువసేపు బ్రతకదు. ఉప్పునీటి పురుగు సంగతి ఇందుకు సరిగ్గా తలక్రిందులు.

ఏమిటీ పురుగు?

ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివినవారికి నీరిస్ అనే పేరు జ్ఞాపకం ఉంటుంది. వానపాము వలెనే ఇదీ ఖండితదేహం గల అనెలిడా వర్గానికి చెందినది. అయితే దీని శరీరంలో ప్రతి ఖండానికీ రెండు ప్రక్కలా పార్శ్వపాదాలు, వాటిపై శూకాలు ఉంటాయి. అందుకే ఈ జాతులను బహుశూకాలు అనే అర్థంలో పాలీకీటా తరగతిలో చేర్చారు. చూడడానికి చిన్న జెర్రి వలె కనబడుతుంది. తలలోపల దాచుకున్న రెండు దవడలను అవసరమైనప్పుడు బయటకు చాపి పట్టుకుంటుంది.

దీనికి మన వంటి ఊపిరితిత్తులు లేవు. పలుచని చర్మం ద్వారా, రక్తనాళాలు దండిగా ఉన్న పార్శ్వపాదాల ద్వారా నీటిలో కరిగి ఉన్న ఆమ్లజనిని గ్రహిస్తుంది. చర్మం తడిగా ఉన్నంతసేపు గాలి నుండి కూడా కొంత గ్రహించగలదు. ఈ ఒక్క విషయాన్ని మనసులో ఉంచుకుంటే నిల్వ గురించి ముందు చెప్పబోయే నియమాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

బురదలో ఇది బొరియ చేసుకొని, శరీరాన్ని అలల వలె కదిలిస్తూ నీటిని లోపలికి తోడుకుంటుంది. ఆ నీటితో పాటు ఆమ్లజని కూడా బురద లోతుకు చేరుతుంది. ఈ జీవులు లేని బురద త్వరగా నల్లబడి కుళ్ళుకంపు కొడుతుంది. ఎన్నో చేపలకు, పొడవు ముక్కు గల తీరపక్షులకు ఇవే ఆహారం. తీరానికి ఇవి ఉచితంగా పనిచేసే ఏరియేటర్లు అనవచ్చు.

తవ్వేవాని కష్టం

పురుగు మన చేతికి రావాలంటే ఎవరో ఒకరు మోకాలి లోతు బురదలో వంగి తవ్వాలి. అది సామాన్యమైన పని కాదు. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల తేడా మన దేశంలోనే అన్నిటికంటె పెద్దది. భావనగర్ వద్ద పెద్ద పోటు రోజుల్లో అది 10 మీటర్లు దాటుతుంది. సింధుశాఖ తలభాగం వైపు వెడల్పు తగ్గడం ఇందుకు ఒక కారణం. మూతి వద్ద ప్రవేశించిన నీరు ఇరుకైన చోటికి వచ్చేసరికి పైకి లేవక తప్పదు.

నావికులు వాడే ఒక ఉజ్జాయింపు సూత్రం ఇంజనీర్లకే కాదు, ఇంటిల్లిపాదికీ తెలియవలసినది. పాటు నుండి పోటుకు సుమారు 6 గంటలు పడుతుంది. మొత్తం పెరుగుదలను 12 భాగాలు చేస్తే, మొదటి గంటలో 1 భాగం, రెండవ గంటలో 2, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదవ గంటలో 2, ఆరవ గంటలో 1 భాగం చొప్పున నీరు పెరుగుతుంది. తేడా 6 మీటర్లు అనుకుందాము. మొదటి గంటలో పెరిగేది అర మీటరే. అది చూసి ‘ఇంకా సమయం ఉంది’ అనుకుంటాము. రెండవ గంటలో మీటరు, మూడవ గంటలో మీటరున్నర పెరుగుతుంది. మూడు గంటలు గడిచేసరికి మనిషి నిలువు దాటిపోతుంది. పైగా బురదమేట మీద నీరు ఎదురుగా రాదు. ముందు వెనుకనున్న కాలువలను నింపి, తిరిగి వెళ్ళే దారిని మూసివేస్తుంది.

పోటు సమయం ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి తిథుల తరువాత ఒకటి రెండు రోజులు తేడా అత్యధికంగాను, అష్టమి ప్రాంతంలో తక్కువగాను ఉంటుంది. పెద్ద పాటు రోజున మేట ఎక్కువగా బయటపడుతుంది కనుక పురుగు తవ్వేవారు ఆ రోజునే ఎక్కువ దూరం వెళతారు. అంటే పురుగు బాగా దొరికే రోజే ప్రమాదం కూడా ఎక్కువ. అందుచేత నా మొదటి సలహా ఇది: పురుగును మీరు స్వయంగా తవ్వబోకండి. పిల్లలను అసలే తీసుకువెళ్ళకండి. ఆ నేల గుట్టు ఎరిగిన స్థానికుల నుండి కొనండి. కొనేటప్పుడు బేరం ఆడబోయే ముందు పైన చెప్పిన లెక్కను ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. ‘రేపు తెల్లవారేసరికి ఎలాగైనా కావాలి’ అని ఎవరినీ తొందరపెట్టకండి. వారు వెళ్ళవలసినది పాటు వేళకు, మన షిఫ్టు వేళకు కాదు.

కొనేటప్పుడు చూడవలసినవి

మంచి పురుగును గుర్తించడం కష్టం కాదు. చేతిలో వేసుకుంటే చురుకుగా మెలికలు తిరగాలి. శరీరం నిండుగా, చర్మం మెరుస్తూ ఉండాలి. తాకినా కదలనిది, పాలిపోయినది, మధ్యకు తెగినది విడిగా తీసివేయాలి. తెగిన పురుగు వెంటనే చావదు గాని శరీర ద్రవాలను వదిలి తక్కిన వాటి నీటిని పాడుచేస్తుంది.

ముక్కు కూడా మంచి పరికరమే. తాజా పురుగుల పాత్ర నుండి సముద్రపు వాసన మాత్రమే రావాలి. కుళ్ళిన గుడ్డు వాసన గాని, ఘాటైన అమోనియా వాసన గాని వస్తే ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి.

ఇంకొక సూక్ష్మం ఉంది. నీరిస్ కుటుంబానికి చెందిన పురుగులు సాధారణంగా జీవితంలో ఒక్కసారే సంతానోత్పత్తి చేసి మరణిస్తాయి. ఆ దశకు వచ్చిన పురుగు రంగు మారుతుంది, శరీరం మెత్తబడుతుంది, కొద్దిపాటి ఒత్తిడికే చిట్లుతుంది. అది నిల్వకు నిలవదు. అటువంటి వాటిని ఏరుకోకుండా వదిలేస్తే మనకు నష్టం లేదు, మరుసటి తరానికి లాభం.

ఎన్ని కొనాలి? ఒక మనిషి ఒక పోటు వేళ వేటాడడానికి 20 నుండి 25 పురుగులు చాలునని నా అభిప్రాయం. కిలోల లెక్కన కొనడం హేచరీల పద్ధతి. సరదా వేటకు లెక్కించి కొనడమే మర్యాద.

బ్రతికించే నాలుగు సూత్రాలు

నిల్వ రహస్యమంతా చల్లదనం, గాలి, ఉప్పు, శుభ్రత అనే నాలుగు మాటల్లో ఉంది. ఒక్కొక్కటీ చూద్దాము.

మొదటిది చల్లదనం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇటువంటి జీవుల ఆమ్లజని వినియోగం సుమారు రెట్టింపు అవుతుంది. అదే సమయంలో నీటిలో కరిగే ఆమ్లజని తగ్గుతుంది. సముద్రపు నీరు 15 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆమ్లజనిని ఇముడ్చుకుంటే, 30 డిగ్రీల వద్ద సుమారు 6 మిల్లీగ్రాములే ఇముడ్చుకుంటుంది. అంటే వేసవిలో ఖర్చు పెరిగి ఆదాయం తగ్గిన సంసారమన్నమాట. అయితే చల్లదనం పేరిట అతి చేయకూడదు. ఇంగ్లండు వంటి శీతల దేశాల వేటగాళ్ళు తమ పురుగులను ఫ్రిజ్‌లో 4, 5 డిగ్రీల వద్ద ఉంచుతారు. వెచ్చని సముద్రంలో పుట్టిన మన పురుగు ఆ చలికి తట్టుకోలేక బిగుసుకుపోతుంది. ఫ్రిజ్‌లో ఉంచేటట్లయితే అన్నిటికంటె క్రిందనున్న కూరగాయల అర మంచిది. అదీ మూత ఉన్న డబ్బాలో, గుడ్డ చుట్టి ఉంచాలి.

ఇక్కడ గృహిణులు అభ్యంతరం చెప్పడం సహజం, న్యాయం కూడా. పాలు, పెరుగు ఉన్న చోట పురుగుల డబ్బా ఎవరికి నచ్చుతుంది? పైగా గుజరాత్‌లో ఇరుగుపొరుగు కుటుంబాల్లో చాలామంది శాకాహారులు. వారు మంచినీళ్ళ కోసం మన ఫ్రిజ్ తలుపు తీసే సందర్భాలూ ఉంటాయి. దీనికొక ఉపాయం ఉంది. పెద్ద మట్టికుండలో చిన్న కుండ దించి, నడుమ ఇసుక పోసి, ఇసుకను మంచినీటితో తడుపుతూ ఉండండి. చిన్న కుండలో పురుగుల డబ్బా ఉంచి, తడిగుడ్డ కప్పి, నీడలో గాలి ఆడే చోట పెట్టండి. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. గాలి పొడిగా ఉండే నెలల్లో ఇది బాగా పనిచేస్తుంది. వానాకాలంలో గాలి నిండా తేమ ఉంటుంది కనుక ఆవిరి కావడం మందగించి ఫలితం అంతగా ఉండదు. ఎంత గాలి వీచినా కుండ చల్లదనం ఆనాటి తడిబల్బు ఉష్ణోగ్రత కంటె దిగువకు పోదని మన కూలింగ్ టవర్ల వద్ద పనిచేసేవారికి చెప్పనవసరం లేదు.

రెండవది గాలి. చాలామంది పొడవాటి సీసాలో నీరు పోసి పురుగులను వేస్తారు. అవి అడుగున ముద్దగా చేరతాయి. ఆమ్లజని నీటిలోకి ప్రవేశించేది పైతలం నుండి. సీసా ఎంత పొడవైతే అడుగుకు అది చేరడం అంత కష్టం. కాబట్టి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న ట్రేలు వాడాలి. అందులో పురుగు మునిగేటంత, అంటే ఒకటి రెండు సెంటీమీటర్ల లోతున సముద్రపు నీరు చాలు. అక్వేరియం పంపు ఉంటే సన్నని బుడగలు వదలండి. ఒకటి రెండు రోజులకే అయితే అసలు నీరే అక్కరలేదు. సముద్రపు నీటిలో తడిపి పిండిన నూలుగుడ్డ గాని, పాత వార్తాపత్రిక గాని పరచి, పురుగులను ఒకే వరుసలో విడివిడిగా సర్ది, మరొక పొర కప్పాలి. ఒకదానిపై ఒకటి పోగుపడితే దవడలతో కరుచుకుంటాయి.

మూడవది ఉప్పు. కొళాయి నీరు ఎంత మాత్రం తగలకూడదు. మంచినీటిలో వేసిన సముద్రపు పురుగు శరీరంలోకి నీరు చొరబడి ఉబ్బి చనిపోతుంది. మున్సిపల్ నీటిలోని క్లోరిన్ మరొక శత్రువు. వంట ఉప్పు కలిపిన నీరు సముద్రపు నీటికి బదులు కాదు. సముద్రపు లవణాలలో సోడియం క్లోరైడ్ సుమారు నాలుగింట మూడు వంతులు మాత్రమే. తక్కినది మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్ల సముదాయం. పురుగు కొన్న చోటనే ఒక 5 లీటర్ల క్యాను నిండా అక్కడి నీరు తెచ్చుకోవడం అన్నిటికంటె సులువు. నదీముఖంలోని నీటి ఉప్పదనం సముద్రపు ఉప్పదనం కంటె తక్కువగా ఉండవచ్చు. ఏ నీటి పురుగుకు ఆ నీరే సరిపోతుంది.

నాలుగవది శుభ్రత. ట్రేను చీకటిగా ఉంచి, ఉదయం, సాయంకాలం ఒకసారి చూసి, చచ్చిన వాటిని తీసివేయాలి. ఒక్క పురుగు కుళ్ళితే అందులో పెరిగే సూక్ష్మజీవులు ట్రేలోని ఆమ్లజనినంతటినీ హరిస్తాయి, అమోనియా పెరుగుతుంది. సాయంత్రం ఒకటి చచ్చి ఉంటే తెల్లవారేసరికి అన్నీ చచ్చి ఉండడానికి కారణం ఇదే. నీటిని రోజూ మార్చాలి. తవ్విన చోటి బురదను పురుగులతో పాటు తెచ్చి ట్రేలో వేస్తే వాటికి ఇల్లు కట్టినట్లని అనుకోవద్దు. ఆ బురదలోని సేంద్రియ పదార్థం కూడా ఆమ్లజనిని తినేదే. కావాలంటే సముద్రపు నీటితో కడిగిన ముతక ఇసుక పలుచగా పరచండి. మూడు రోజులకు మించి నిల్వ చేయాలనే ఆశ మాత్రం వద్దు.

తీరానికి తీసుకువెళ్ళడం

ప్రయాణానికి థర్మోకోల్ పెట్టె శ్రేష్ఠం. మంచుగడ్డలను నేరుగా వేస్తే కరిగిన మంచినీరు పురుగులను చంపుతుంది. ప్లాస్టిక్ సీసాలో నీరు పోసి గడ్డకట్టించి, మూత బిగించి, గుడ్డ చుట్టి పెట్టెలో ఒక మూల ఉంచాలి.

ఎంత మంచు కావాలో లెక్క వేద్దాము. 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 25 సెంటీమీటర్ల ఎత్తు గల పెట్టె ఉపరితలం సుమారు 0.48 చదరపు మీటర్లు. గోడ మందం 25 మిల్లీమీటర్లు, లోపల 17 డిగ్రీలు, బయట 32 డిగ్రీలు అనుకుంటే గోడల గుండా చొరబడే వేడి సుమారు 10 వాట్లు. ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ళ వేడి కావాలి. భాగిస్తే సుమారు 9 గంటలు వస్తుంది. మూత తెరిచినప్పుడల్లా చొరబడే వెచ్చని గాలిని కలుపుకొని అందులో సగం, అంటే నాలుగైదు గంటలని నమ్మవచ్చు. కోసాడ్ నుండి తీరానికి వెళ్ళి ఒక పోటు వేళ గడపడానికి కిలో, కిలోన్నర మంచు సరిపోతుంది.

ఎరను గుచ్చేటప్పుడు రెండు మూడు పురుగులను మాత్రమే చిన్న డబ్బాలోకి తీసుకొని పెట్టె మూయండి. జెల్ల వంటి అడుగున తిరిగే చేపలు కళ్ళ కంటె వాసన మీదనే ఎక్కువగా ఆధారపడతాయి. పండుగప్పకు మాత్రం కదిలే చిన్న రొయ్య గాని, చిరుచేప గాని ఎక్కువ ఇష్టం. ప్రతి చేపకూ పురుగే కావాలన్న నియమం లేదు.

చేతుల విషయంలో జాగ్రత్త అవసరం. పెద్ద పురుగు దవడలు చర్మాన్ని గట్టిగానే పట్టుకుంటాయి. గ్లైసిరా అనే జాతి దవడలలో విషగ్రంథులు కూడా ఉన్నాయి. అంతకంటె ముఖ్యంగా, వెచ్చని ఉప్పునీటిలో విబ్రియో వర్గపు సూక్ష్మజీవులుంటాయి. అవి చిన్న గాయం ద్వారా ప్రవేశించి తీవ్రమైన వ్యాధి కలిగించగలవు. మధుమేహం, కాలేయ వ్యాధి ఉన్నవారు చేతికి గాయం ఉన్న రోజున ఎరను ముట్టుకోకపోవడమే మేలు. ముట్టుకున్న తరువాత ఎవరైనా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ తరువాత చేయి వాచి, ఎర్రబడి, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపి, ఉప్పునీటిలో చేయి పెట్టిన సంగతి తప్పక చెప్పాలి.

మిగిలిన పురుగులను ఏమి చేయాలి?

ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం ఇదే. వేట ముగిశాక మిగిలిన పురుగులను, పెట్టెలోని నీటిని ఎదుట కనబడిన కాలువలో పారబోయడం చాలామందికి అలవాటు. ‘పాపం, బ్రతకనీ’ అనే దయతో చేసేవారూ ఉన్నారు. ఆ దయ మరొకరి కొంప ముంచవచ్చు.

ఓల్పాడ్, చోర్యాసీ తాలూకాలలో ఉప్పుటేర్ల వెంట రొయ్యల చెరువులు విస్తారంగా ఉన్నాయి. వాటిలో పనిచేసే సాంకేతిక నిపుణులలో మన కోస్తా జిల్లాల యువకులు కూడా ఉన్నారు. రొయ్య పిల్లలు కూడా చాలావరకు ఆంధ్ర, తమిళనాడు తీరాల హేచరీల నుండి ఆమ్లజని నింపిన సంచులలో ప్రయాణించి ఇక్కడికి చేరతాయి. ఆ హేచరీలలో తల్లి రొయ్యలకు పెట్టే మేతలో మన పాలీకీటా పురుగే రాజభోజనం. అందులోని కొన్ని కొవ్వు ఆమ్లాలు గుడ్ల పక్వతకు తోడ్పడతాయి. కనుక గాలం వేటగాని ఎర, హేచరీ యజమాని మేత ఒకటే అన్నమాట.

అయితే ఇదే పురుగు రోగాన్ని కూడా మోస్తుంది. 1994 ప్రాంతంలో ఆంధ్ర తీరంలో రొయ్యల సాగును కుదిపివేసిన తెల్లమచ్చల వ్యాధి ఎందరికో జ్ఞాపకం ఉంటుంది. చెరువు అడుగున తిరిగే పాలీకీటా పురుగులు ఆ వైరస్‌ను మోసుకుపోగలవని 2005లో మన దేశ శాస్త్రజ్ఞులు పరిశోధన ద్వారా వెల్లడించారు. 2009లో థాయిలాండ్‌లో వర్ణించిన ఇ.హెచ్.పి. అనే సూక్ష్మపరాన్నజీవి రొయ్య ఎదుగుదలను కుంగదీస్తుంది. దాని జాడలు కూడా పురుగులలో కనబడ్డాయి. అదే 2009 నుండి మన దేశంలో సాగుకు వచ్చిన వన్నామీ రొయ్యకు తల్లి రొయ్యలను విదేశాల నుండి తెప్పించి, చెన్నై వద్ద క్వారంటైన్‌లో ఉంచి, పరీక్షించి మరీ హేచరీలకు ఇస్తున్నారు. అంత శ్రద్ధగా రోగం లేని తల్లిని తెచ్చి, ఎక్కడో తవ్విన పచ్చి పురుగును ఆమె నోట పెడితే పడిన శ్రమంతా వృథా. హేచరీకి వర్తించే ఈ నీతి మన డబ్బాకూ వర్తిస్తుంది. ఒక మొగలో తవ్విన పురుగును మరొక ఉప్పుటేటిలో పారబోస్తే, ఆ ఉప్పుటేటి నుండి నీరు తోడుకునే చెరువుకు మనం ఏమి పంపామో మనకే తెలియదు.

ఓల్పాడ్ వైపు చెరువుల మీద పనిచేసే ఒక భీమవరం కుర్రవాడు ఈ విషయాన్ని నాతో ఒక్క మాటలో చెప్పాడు. “బాబాయ్ గారూ, మీకు పోయేది ఒక ఆదివారం. మాకు పోయేది ఒక పంట.” అతని యజమాని చెరువు మీద తెచ్చిన అప్పు, ఆ చెరువును నమ్ముకొని ఊళ్ళో ఉన్న అతని కుటుంబం, రెండూ ఆ మాటలో ఉన్నాయి.

అమెరికా నుండి కూడా ఇటువంటి పాఠమే ఉంది. అక్కడ మెయిన్ రాష్ట్రపు తీరంలో తవ్విన పురుగులను సముద్రపు నాచులో చుట్టి దూర ప్రాంతాలకు పంపుతారు. ఆ నాచులో దాగిన చిన్న నత్తలు, పీతలు కొత్త తీరాలకు చేరగలవని శాస్త్రజ్ఞులు గుర్తించారు. వేటగాడు నాచును నీట విసిరితే దానితో పాటు కోరని అతిథులనూ దించినట్లే.

కనుక మిగిలిన పురుగుల విషయంలో పాటించవలసినవి ఇవి:

1. పురుగు తవ్విన చోటనే వేటాడితే, మిగిలిన వాటిని అదే మేట మీద తడి బురదలో వదలవచ్చు. మరొక చోట వదలరాదు.

2. ఇంటికి తెచ్చిన తరువాత మిగిలినవి తిరిగి ఏ నీటిలోనూ వేయరాదు. ఎండిన నేలలో, కాలువలకు, చెరువులకు దూరంగా గొయ్యి తీసి పూడ్చాలి.

3. పెట్టెలోని నీరు, చుట్టిన గుడ్డ కడిగిన నీరు కూడా కాలువలో పోయరాదు. పొడి నేల మీద పోసి ఇంకనివ్వాలి. గుడ్డను, ట్రేను ఎండలో బాగా ఆరబెట్టాలి.

4. గడ్డకట్టించి దాచుకుంటే రోగభయం పోతుందని అనుకోరాదు. తెల్లమచ్చల వైరస్ గడ్డకట్టిన స్థితిలో కూడా నిలిచి ఉండగలదు.

5. రొయ్యల చెరువు గట్టు మీదికి ఎర డబ్బాతో వెళ్ళరాదు. చెరువు యజమాని మన మిత్రుడే అయినా సరే.

తవ్వడమా, పెంచడమా?

తవ్వకానికి హద్దు ఉండాలన్న మాట కూడా చెప్పుకోవాలి. హేచరీల అవసరానికి పులికాట్ సరస్సు వంటి చోట్ల సాగే పురుగుల తవ్వకం పట్ల స్థానిక జాలరులు ఆందోళన వ్యక్తం చేశారు. పురుగు పోతే దాన్ని తినే చేప, రొయ్య తగ్గుతాయన్నది వారి బాధ. తవ్విన గుంటను తిరిగి పూడ్చడం, ఒకే చోట మళ్ళీ మళ్ళీ తవ్వకపోవడం కనీస ధర్మాలు. మనం కొనే మనిషితో ఈ రెండు మాటలూ అనునయంగా చెప్పవచ్చు.

పెంపకం మరొక మార్గం. ఇంగ్లండు ఈశాన్య తీరంలోని లైన్‌మత్ విద్యుత్ కేంద్రం నుండి వెలువడే వెచ్చని నీటి సాయంతో 1980లలోనే ఎర పురుగుల పెంపకం ప్రారంభించారు. చలిదేశంలో పురుగు మందకొడిగా ఎదుగుతుంది. మనం కండెన్సర్ నుండి వదిలివేసే వెచ్చదనమే అక్కడ దానికి ఎరువైంది. థాయిలాండ్‌లో కూడా రొయ్యల మేత కోసం ఈ పురుగులను తొట్లలో పెంచుతున్నారు. రోగపరీక్ష చేసిన పెంపకపు పురుగు అందుబాటులో ఉంటే మేటలకు విశ్రాంతి, హేచరీలకు నిశ్చింత రెండూ లభిస్తాయి. వేడినీటిని వదిలివేసే కర్మాగారాలకు, వెచ్చని సముద్రానికి మన దేశంలో కొరత లేదు. మన సంస్థలోని యువ ఇంజనీర్లు సలహా పథకానికి ప్రతిపాదనలు వ్రాసేటప్పుడు ఈ సంగతిని కూడా మనసులో ఉంచుకోవలసిందిగా కోరుతున్నాను.

ఈ ఆదివారం గాలం సర్దుకునే మిత్రులు పంచాంగంలో తిథి చూడండి, పోటు వేళ తెలుసుకోండి, లెక్కపెట్టి 20 పురుగులు కొనండి. ఇరవయ్యింటినీ చివరి దాకా బ్రతికించుకోగలిగితే మిగిలేవి ఎలాగూ ఉండవు. మిగిలితే మాత్రం పూడ్చడానికి పెట్టెతో పాటు ఒక చిన్న తాపీ వెంట ఉంచుకోండి.